ఉజ్వల పక్క నుంచి

మా అమ్మాయి ఉజ్వల చనిపోయిన మూడో నెలలో మా ఇంట్లో కంప్యూటర్ మొరాయించింది. మీట నొక్కితే లోపల ఫ్యాను తిరుగుతోంది కాని తెర మీద ఏమీ రావడం లేదు. పదో తరగతి సాంఘికశాస్త్రం ప్రశ్నపత్రాలు అందులోనే ఉన్నాయి. బస్టాండు దగ్గర కంప్యూటర్ల దుకాణం నడిపే ఇంద్రసేనకు ఫోన్ చేశాను. పద్దెనిమిదేళ్ల కింద మంచాల ఊరి బడిలో నా దగ్గర చదువుకున్నాడు. ఇప్పుడు ఇద్దరు పిల్లల తండ్రి.

ఆదివారం పొద్దున వచ్చాడు. డబ్బా విప్పి, లోపలి మెమరీ ముక్క బయటికి తీసి, పెన్సిలు గీతలు చెరిపే రబ్బరుతో దాని అంచు రుద్ది మళ్లీ గుచ్చాడు. తెర వెలిగింది. నల్లటి తెర మీద రెండు వరుసలు వచ్చాయి. ఒకటి విండోస్, నాది. దాని కింద లినక్స్, ఉజ్వలది.

"ఇంత పాత డబ్బాల రెండు ఎక్కించిందా పాప? మస్తు నీట్‌గ చేసింది టీచర్," అన్నాడు.

"దానిది నేనెప్పుడూ తెరవలేదు. పాస్‌వర్డ్ ఉంది."

"మీ పక్కకెల్లి చూస్తే ఆమెది కనబడది టీచర్. ఆమె పక్కకెల్లి అయితే మీది మొత్తం కనబడ్తది. పాస్‌వర్డ్ గిట్ల ఏం అడగది."

డబ్బాకు మరలు బిగిస్తూ మామూలుగా చెప్పిన మాట అది. నేను అతనికి ఇవ్వబోయిన టీ గ్లాసును బల్ల మీద పెట్టాను.

"మొత్తం అంటే?"

"మొత్తమే. మీరు కొట్టిన పేపర్లు, లెటర్లు, అన్ని."

ఏడాది కిందట నేను ఉజ్వల పేరుతో ఒక ఉత్తరం రాశాను. ఆమెకు తెలియకుండా రాశాను. తెలియకుండానే పోయిందనుకుని ఈ మూడు నెలలూ ఏడ్చాను. ఇప్పుడు నాకు తెలియవలసింది ఒక్కటే. ఆ ఉత్తరం ఆమె చదివిందా, లేదా.

"ఆమెది తెరవగలవా?" అని అడిగాను.

"పెన్‌డ్రైవ్ తోని ఎక్కిస్తే పాస్‌వర్డ్ అవసరముండది. దుకాణంల ఉన్నది. అర్ధగంటల తెస్త," అని బండి తీశాడు.

ఆ అర్ధగంట నేను కంప్యూటర్ ముందే కూర్చున్నాను.

ఆ రెండు వరుసలు ఉజ్వల పెట్టినవి. 2015 ఎండాకాలంలో, ఇంజనీరింగు రెండో సంవత్సరం అయిపోయినప్పుడు. కంప్యూటర్ అంతకు ఏడేళ్ల ముందు మా ఆయన కొన్నది. ఆయన గుండెపోటుతో పోయాక దాన్ని నేను వాడుకుంటున్నాను. నా తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ ఆ పాత విండోస్‌లో తప్ప ఇంకెక్కడా నడవదు. దానికొక తాళం ఉంటుంది, వేలెడంత ప్లాస్టిక్ ముక్క. వెనక ప్రింటర్ తీగ గుచ్చేచోట దాన్ని బిగించాలి. అది లేకపోతే ఒక్క అక్షరం పడదు. మండలంలో సగం బడుల ప్రశ్నపత్రాలు నేను అందులోనే కొట్టేదాన్ని. ఉజ్వల నేర్చుకోవలసిన ప్రోగ్రాములకు మాత్రం ఆ విండోస్ పనికిరాదు.

"తీసిపారేస్తనే అమ్మా. ముసల్దయింది. వైరస్‌లు తప్పితే ఏం లేవు దీంట్ల."

"తీసేస్తే పేపర్లు ఎవరు కొడ్తరే? నువ్వు కొడ్తవా?"

"అయితే పంచుకుందాం. నీ పక్క నీది, నా పక్క నాది."

రెండు రోజులు కూర్చుంది. ముందు నా ఫైళ్లన్నీ స్నేహితురాలి డిస్కులోకి ఎక్కించింది. తర్వాత మా డిస్కును రెండు భాగాలు చేసి, ఒకదాంట్లో నా విండోస్ ఉంచి రెండోదాంట్లో తన లినక్స్ ఎక్కించింది. నేను వెనక నిలబడి పది నిమిషాలకోసారి నా పేపర్లు ఉన్నాయా అని అడిగాను.

"ఇంకొక్కసారి అడిగితే నిజంగనే పోతయ్ చూడు," అంది.

మా ఆయన అక్క రాధమ్మ ఇల్లు మా గోడకు అవతలే. ఆమె వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది. "ఏందే పిల్లా, ఒక్క డబ్బాల రెండు కాపురాలు పెడ్తున్నవా?"

"అవ్ అత్తమ్మా. వాకిలొకటే, పొయ్యిలు రెండు."

"తల్లీబిడ్డలకు ఒక్క పొయ్యి సాలదా?"

"మా అమ్మ పొయ్యి మీద ఎవ్వల్నన్న చెయ్యి పెట్టనిస్తదా?"

ముగ్గురం నవ్వాం. కంప్యూటర్ పెట్టగానే ఆ రెండు వరుసలూ పది సెకన్లు ఉంటాయి. ఆలోపు ఏదో ఒకటి ఎంచుకోవాలి. నా వరుస పైన పెట్టింది. "నువ్వేం నొక్కకున్నా నీ దాంట్లకే పోతది. నీకు ఫికర్ లేదు," అంది.

నాకు ఒక అలవాటు ఉంది. ఏ ఉత్తరమైనా ముందు చిత్తు రాస్తాను. తప్పులు దిద్ది రెండో చిత్తు రాస్తాను. మూడోది కూడా రాశాకే సాపు ప్రతి. ముప్పై ఏళ్లుగా పిల్లలకూ అదే నేర్పాను. ఉజ్వల ఏడో తరగతిలో జ్వరం వచ్చి సెలవు చీటీ రాస్తే, అదీ మూడుసార్లు రాయించాను. జ్వరం తగ్గింది కాని చీటీ తయారు కాలేదని వాళ్ల నాన్న ఎగతాళి చేశాడు. సాపు ప్రతి పంపాక చిత్తులు పారేయను. తారీకు వేసి దాచిపెడతాను. కంప్యూటర్ వచ్చాక కూడా అలాగే చేశాను.

2017 జూన్‌లో ఉజ్వలకు అమ్మవారు పోసింది. వంటలో తాలింపు మానేశాం. మంచం మీద వేపమండలు పరిచాం. వెలుతురు కళ్లకు మంచిది కాదని కిటికీకి దుప్పటి కట్టి, ఫోను ఆపేసి, ఆమె చేతికి ఇవ్వకుండా బీరువాలో పెట్టాను. ఇలాంటప్పుడు మా ఇళ్లల్లో అందరూ చేసేదే చేశాను. అంతవరకు నాలో ఏ దురాలోచనా లేదు.

అయిదో రోజు ఆమె మెయిల్ తెరిచాను. ఆ మెయిల్ ఐడీ నేనే చేయించాను, ఎంసెట్ దరఖాస్తు కోసం. పాస్‌వర్డ్ నాకు తెలుసు. ఆమె ఎన్నడూ మార్చలేదు. కాలేజీకి కంపెనీలు వచ్చి పెట్టిన పరీక్షల తాలూకు కబురేమైనా వచ్చిందేమోనని చూశాను. వచ్చింది. పుణెలో ఒక కంపెనీ ఆమెను తీసుకుంది. ఆరు నెలలు అక్కడ శిక్షణ, తర్వాత అక్కడే ఉద్యోగం. వారం లోపల సమ్మతి తెలపాలి.

నేను ఒంటరిదాన్ని అవుతానని భయపడ్డాను. దీనికి ఇంకో పేరు పెట్టలేను. పిల్ల చిన్నది, ఊరు దూరం, భాష రాదు అని ఎన్నో అనుకోవచ్చు. అవన్నీ తర్వాత పోగేసుకున్నవి.

నా పక్క తెరిచి ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు చిత్తు రాశాను. అనారోగ్యం వల్ల చేరలేకపోతున్నాను, నా స్థానం వేరొకరికి ఇవ్వగలరు అని. రెండుసార్లు దిద్దాను. ఉజ్వల మెయిల్ నుంచి పంపి, వచ్చిందాన్నీ పోయినదాన్నీ తీసేశాను. చిత్తును మాత్రం తీసేయలేదు. తారీకు వేసి, ఆ ఏడాది పాఠాల ఫోల్డరులో దాచాను. ఎందుకు దాచావంటే చెప్పలేను. చేతికి అలవాటు.

తొమ్మిదో రోజు వేపాకు నీళ్లు పోశాం. ఆమె ఫోను తీసుకుని ఎంతోసేపు చూసింది. స్నేహితురాళ్లిద్దరికి ఉద్యోగాలు వచ్చాయట. "నాకు రాలే అమ్మా," అంది. "ఇంకోటి వస్తది," అన్నాను. ఆమె తలకు నూనె పెడుతూ అన్నాను.

సెప్టెంబరులో కొంగరకలాన్ దగ్గర ఒక వెంచర్ ఆఫీసులో చేరింది. కొత్త కలెక్టరాఫీసు వస్తుందని ఆ చుట్టుపక్కల జొన్నచేలల్లో రాళ్లు పాతి రంగులు వేస్తున్న రోజులు. హైదరాబాదు నుంచి కార్లలో వచ్చేవాళ్లకు కంప్యూటర్ మీద ప్లాట్ల పటం చూపించి, ఎండలో నడిపించి రాళ్లు చూపించడం ఆమె పని. "ఇంటికి దగ్గర. నీకు ఫికర్ ఉండది," అంది చేరిన రోజు. నేను సంతోషించాను.

మే నెలలో, ఆ వెంచర్‌కు మొరం మట్టి తోలే టిప్పర్ కింద ఆమె స్కూటీ పడింది.

వచ్చినవాళ్లందరితో రాధమ్మ వదిన ఒకే మాట చెప్పింది. "పెద్ద కంపెనోళ్లు నా మేనకోడలికి నౌకరి ఇయ్యలే. ఇచ్చుంటే ఆ మట్టి రోడ్ల మీద ఎందుకు తిరుగుతుండె? వాళ్ల నోట్ల మన్ను వడ." పదో రోజు చెప్పింది. నెలమాసికానికి చెప్పింది. నేను పక్కనే కూర్చుని విన్నాను.

ఇంద్రసేన తిరిగి వచ్చాడు. పెన్‌డ్రైవ్ గుచ్చి కంప్యూటర్ పెట్టాడు. కొంతసేపటికి నాకు తెలియని ఒక తెర వచ్చింది. అందులోంచి ఉజ్వల పక్కలోకి వెళ్లాడు. ఫోల్డర్లు కనిపించాయి. కాలేజీ, ఫోటోలు, పాటలు. చివర తెలుగు అక్షరాల్లో ఒకటి: చిత్తు.

అతను నవ్వాడు. "పాపకు గూడ నేర్పిన్రా టీచర్? మాకు మూడు మూడుసార్లు రాయిస్తుంటిరి. చేతులు గుంజుతుండె."

"అది తెరువు."

అయిదు ఫైళ్లున్నాయి. మొదటిది తెరిచి పైకి చదివాడు, నాకు చూపు ఆనదేమో అన్నట్టుగా. అది నా ఉత్తరమే. నా పక్క నుంచి తీసి తన పక్కలో పెట్టుకుంది.

"ఇదేంది టీచర్? ఉజ్వలకు నౌకరి వచ్చిందా? ఆమెనే వద్దన్నదా?"

"తర్వాతది తెరువు," అన్నాను. అతను రెండోది తెరిచాడు. బడిలో చదివినట్టే, ఒక్కో ఇంగ్లీషు మాట కింద వేలు పెట్టుకుంటూ చదివాడు. 'జూన్ ఇరవై ఎనిమిదిన మీకు వచ్చిన మెయిల్ నేను పంపినది కాదు. నాకు తెలియకుండా మా అమ్మ' అన్నంతవరకు వచ్చి ఆగిపోయాడు. వేలు తెర మీదనే ఉంది. తర్వాత దాన్ని తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"మీరు చదువుకోండ్రి టీచర్. నేను బయటుంట."

కుర్చీ చప్పుడు కాకుండా జరిపి వెళ్లాడు. చదవడానికి కింది బాణం నొక్కాలని చెప్పడం కూడా మరచిపోలేదు.

అది మొదటి చిత్తు. నాకు తెలియకుండా మా అమ్మ పంపింది, నేను చేరాలనుకుంటున్నాను, దయచేసి ఇంకొక అవకాశం ఇవ్వండి అని ఉంది. ఎక్కడా కోపం లేదు. జరిగింది జరిగినట్టు రాసింది.

రెండో చిత్తులో మా అమ్మ అన్న మాట లేదు. ఇంట్లో జరిగిన ఒక పొరపాటు వల్ల ఆ మెయిల్ వచ్చింది అని ఉంది.

మూడో చిత్తులో ఇల్లు కూడా లేదు. ఆ మెయిల్ నేనే తొందరపడి పంపాను, తప్పు నాది అని ఉంది.

నేను నేర్పినట్టే మూడుసార్లు రాసింది. ఒక్కొక్కసారి రాస్తూ నన్ను కొంచెం కొంచెంగా తీసేసి, ఆ చోట తనను పెట్టుకుంది. అదే సాపు చేసి పంపి ఉంటుంది. అయిదో ఫైలు కంపెనీవాళ్ల జవాబు. ఆగస్టు ఇరవై ఎనిమిది నాటిది. ఖాళీలు నిండిపోయాయి, ఒకసారి కాదన్నవారిని ఏడాది వరకు మళ్లీ తీసుకోలేము అని మర్యాదగా రాశారు. తప్పు నాది అని ఆమె ఒప్పుకున్నాక వాళ్లు మాత్రం ఇంకేం రాస్తారు?

చిత్తులు మూడింటి మీదా తారీకు ఉంది. ఆగస్టు పంతొమ్మిది, శనివారం. నా బడి డైరీ తీసి చూశాను. ఆ రోజు ఒంటిపూట బడి. మధ్యాహ్నానికి ఇంటికి వచ్చాను. డైరీలో 'పెన్‌డ్రైవ్ వైరస్' అని రాసుకున్నాను. అప్పుడు గుర్తొచ్చింది.

బడి పెన్‌డ్రైవ్‌తో నా పక్కకు వైరస్ అంటుకుంది. ఉజ్వల తన పక్క నుంచి దాన్ని తీసేస్తానంది. "నా పక్కకెల్లి నీ పక్క కడుగుతున్న," అంది. ఒక్కో ఫోల్డరు తెరిచి చూస్తోంది. నేను ఆ గదిలోనే, నాలుగడుగుల దూరంలో, నేల మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్నాను. మీటల చప్పుడు కొంతసేపు ఆగింది. ఫ్యాను చప్పుడు ఒక్కటే వినిపించింది.

"అమ్మా," అంది ఇటు తిరగకుండా. "పాతయన్ని ఉంచుకుంటవ్ నువ్వు. ఏం పారెయ్యవా?"

"ఉండనియ్యవే. ఎప్పుడన్న అవసరం పడ్తయి."

"అవ్. పడ్తయి," అంది.

కొంచెం ఆగి టీ పెట్టాలా అని అడిగింది. పెట్టమన్నాను. తనే పెట్టి, నాకిచ్చి, మళ్లీ కంప్యూటర్ ముందు కూర్చుంది. సాయంత్రం దాకా ఏదో కొడుతూనే ఉంది. వైరస్ ఎక్కువుందనుకున్నాను. పిల్ల ఓపికగా నా కోసం కష్టపడుతోందనుకున్నాను. చిక్కుడుకాయ కూర రెండుసార్లు వడ్డించుకుంది.

ఆమె అడిగి ఉంటే నేను ఒప్పుకునేదాన్నా? ఎంత వెతికినా అవునని చెప్పుకోలేకపోతున్నాను. నేను అబద్ధమాడతానని, ఆ అబద్ధం వినవలసి వస్తుందని ఊరుకుందేమో. నన్ను క్షమించిందో, నా మీద ఆశ వదులుకుందో ఆ చిత్తుల్లో లేదు. అవి కంపెనీకి రాసినవి. నాకు ఆమె ఒక్క ముక్క కూడా రాయలేదు.

ఇంద్రసేన గుమ్మం దగ్గర దగ్గాడు. లోపలికి వచ్చి నా వైపు చూడకుండా తెర వైపు చూస్తూ అడిగాడు. "టీచర్, ఇది తీసెయ్యాల్నా? ఒక్కటే ఉంచితే కంప్యూటర్ గూడ జర ఫాస్ట్‌గ నడుస్తది."

"వద్దు."

"సరే టీచర్." పెన్‌డ్రైవ్ తీసి జేబులో వేసుకున్నాడు. చెప్పులేసుకుంటూ, తల వంచుకునే, మెల్లగా అన్నాడు. "నేనెవ్వలకు చెప్ప టీచర్. మీరు ఫికర్ చెయ్యకుండ్రి."

పరీక్షలో చీటీ దొరికిన పిల్లవాడితో నేనూ ఒకప్పుడు ఇలాగే అన్నాను. ఇంట్లో చెప్పనులే, ఏడవకు అని. ఆ పిల్లవాడికి ఎలా ఉండేదో నాకు ఇప్పుడు తెలిసింది. ఇంద్రసేన తన భార్యకైనా చెప్పకుండా ఉంటాడని నమ్మకం నాకుంది. మంచివాడు. అతని మంచితనం వల్ల నేను ఇంకో ముప్పై ఏళ్లు ఈ ఊళ్లో గౌరవంగా బతకవచ్చు. బిడ్డ పోయిన టీచరమ్మ అని అందరూ జాలిపడతారు. 

అతని బండి మలుపు తిరిగాక గోడ దగ్గరికి వెళ్లి వదినను పిలిచాను. మునగాకు దూస్తూ ఉంది. చాటతోనే వచ్చింది.

"ఏమాయె? ఆ డబ్బా బాగైందా? కాకుంటే పాత సామానోనికి ఇయ్యి యశోదా. ఇంట్లుంటే పిల్ల యాదికొస్తది నీకు. అది ఎన్ని రాత్రులు గా డబ్బా ముంగట కూసోని చదివిందో. అంత చదివినా గా కంపెనోళ్లు..."

"ఇచ్చిన్రు వదినా," అన్నాను.

"ఏంది?"

"నౌకరి ఇచ్చిన్రు. పుణెల. అమ్మవారు పోసినప్పుడు వచ్చింది. దానికి చెప్పకుండ నేనే వద్దని రాసిన, దాని పేరు మీద."

వదిన చాట ఒళ్లో పెట్టుకుని గడప మీద కూర్చుంది. ఆకు దూసిన ఈనెను వేళ్ల మధ్య తిప్పుతూ ఉండిపోయింది. రోడ్డు మీద ఒక నీళ్ల ట్యాంకరు పోయింది. ఆమె తిడుతుందని చూశాను. తమ్ముడి పేరెత్తి ఏడుస్తుందని చూశాను. ఏదైనా సరే అనుకున్నాను.

"దానికి ఎర్కేనా?" అని అడిగింది చివరికి.

"ఎర్కే. ఆగస్టులనే ఎర్కైంది. ఇప్పుడే చూసిన."

"ఆగస్టు." వేళ్లు మడిచి నెలలు లెక్కపెట్టింది. మే దాకా వచ్చి ఆగింది. నా ముఖంలోకి చూసింది. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది. నిన్ను ఎక్కడో చూశాను, ఎవరివో గుర్తు రావడం లేదు అన్నట్టుంది.

"అన్ని దినాలు ఎర్కుండి, నీ చేతి బువ్వ తిన్నదా?"

"తిన్నది," అన్నాను.

వదిన లేచింది. కొంగుకు అంటిన మునగాకు దులుపుకుంది. చాట తీసుకుని మా వాకిలి దిగి వెళ్లింది. వాళ్ల తలుపు గడియ పడిన చప్పుడు గోడ ఇవతలికి వినిపించింది. పగటిపూట ఆమె ఎన్నడూ గడియ పెట్టదు.